ముల్లు మాట ఎంతవరకు నమ్మవచ్చు?

ఇంటి వెనుక రేకుల కొట్టంలో చిన్న లేత్ బిగించుకొన్నవారికి వెంటనే అవసరమయ్యే కొలత పరికరం కాలిపర్. వెర్నియర్ గీతలు చదవడానికి మంచి వెలుతురు, నిదానమైన చూపు ఉండాలి. డయల్ కాలిపర్‌లో ఆ శ్రమ లేదు. గడియారం చూసినట్లు ముల్లును చూస్తే చాలు. ఎలక్ట్రానిక్ కాలిపర్లు నేడు చౌకగానే లభిస్తున్నా, బ్యాటరీ బెడద లేదన్న కారణంగా డయల్‌నే కోరుకొనేవారు ఉన్నారు.

ఈ సౌలభ్యానికి మూలం బద్ద పొడవునా ఉండే సన్నని పళ్ల వరుస. జరిగే దవడలోని చిన్న పళ్లచక్రం దానిమీద దొర్లుతూ ముల్లును తిప్పుతుంది. దవడ 1 లేక 2 మిల్లీమీటర్లు జరిగేసరికి ముల్లు ఒక చుట్టు పూర్తి చేస్తుంది. పరికరం బలహీనత కూడా ఇక్కడే ఉన్నది. లేత్ నుంచి ఎగిరిన లోహపు రజను పళ్ల సందున చిక్కితే చక్రం ఒక పన్ను దాటిపోవచ్చు. అప్పుడు ముల్లు సున్న వద్దకు రాదు. చాలామంది డయల్ అంచును తిప్పి సున్నను సరిచేసి, పని సాగిస్తారు. రజను మాత్రం అక్కడే ఉంటుంది! పళ్ల వరుసకు మూత ఉన్న రకాన్ని ఎన్నుకోవడం అందుకే మేలు.

దుకాణంలోనే కొన్ని పరీక్షలు చేయవచ్చు. దవడలు మూసి వెలుతురుకు ఎదురుగా పట్టితే, మధ్యనుంచి కాంతి రేఖ కనిపించరాదు. పదిసార్లు తెరిచి మూసినా ముల్లు సున్న మీదనే నిలవాలి. దవడ చివరిదాకా ఒకే తీరున జారాలి. బిగింపు మర బిగించినప్పుడు ముల్లు కదలరాదు. గేజ్ బ్లాకులు లేనివారు పేరున్న సంస్థ తయారుచేసిన కొత్త 6204 బాల్ బేరింగును వెంట తీసుకొని వెళ్లవచ్చు. దాని వెలుపలి వ్యాసం 47, లోపలి వ్యాసం 20 మిల్లీమీటర్లు. తేడా ఉన్నా సుమారు 0.01 మిల్లీమీటరును మించదు. వెలుపలి, లోపలి దవడలు రెండింటినీ దానితో సరిచూడవచ్చు.

అసలు చిక్కు మరొకటి. డయల్ మీద 0.02 గీతలు ఉన్నంత మాత్రాన కొలత అంత ఖచ్చితమని అర్థం కాదు. మంచి కంపెనీవారి 150 మిల్లీమీటర్ల కాలిపర్‌లో సైతం 0.03 వరకు తేడా ఉండవచ్చు. పైగా కొలిచే వస్తువు ఒకచోట, కొలత బద్ద మరొకచోట ఉంటాయి. బొటనవేలు గట్టిగా నొక్కితే దవడ లేశమాత్రం వంగుతుంది. కొలిచే రేఖ, కొలబద్ద ఒకే వరుసలో ఉండాలని జర్మన్ శాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ అబ్బె 1890లో సూచించినది ఈ దోషాన్ని గురించే. మైక్రోమీటర్‌లో ఆ అమరిక ఉన్నది. కాలిపర్‌తో కొలిచేవారు వస్తువును బద్దకు వీలైనంత చేరువగా పట్టాలి.

ఆ బేరింగుకే 20 మిల్లీమీటర్ల షాఫ్ట్ చెక్కుతున్నారనుకొందాం. బిగువుకు, వదులుకు మధ్య తేడా 0.01 లేక 0.02 మాత్రమే. షాఫ్ట్ సన్నబడితే లోపలి వలయం దానిమీద జారి, కూర్చునే చోటును అరగదీస్తుంది. తీసిన లోహాన్ని తిరిగి అంటించలేము. ఇక వేడి సంగతి: 100 మిల్లీమీటర్ల అల్యూమినియం ముక్క కాలిపర్ కంటే 20 డిగ్రీలు వేడిగా ఉంటే, చల్లారాక దాదాపు 0.046 తగ్గుతుంది.

కనుక డబ్బంతా 0.01 గీతల ఖరీదైన కాలిపర్ మీద పెట్టనక్కరలేదు. మూత ఉన్న 0.02 రకం 150 మిల్లీమీటర్ల కాలిపర్ తీసుకొని, మిగిలిన సొమ్ముతో 0–25 మైక్రోమీటర్ కొనడం తెలివైన బేరం. చివరి కోతకు ముందు ఆ షాఫ్టును కొలవవలసినది దానితోనే.