చుక్క ముట్టకపోయినా ఫ్యాటీ లివర్!

‘‘జన్మలో మందు ముట్టలేదండీ. నాకు ఫ్యాటీ లివరేంటి?’’

విజయవాడ సూర్యారావుపేటలో స్కానింగ్ సెంటర్ల ముందు వినిపించే మాటే ఇది. గ్యాస్ నొప్పనో, కిడ్నీలో రాళ్లేమోననో పొట్ట స్కానింగ్ తీయించుకుంటారు. ‘గ్రేడ్ 1 ఫ్యాటీ లివర్’ అని బయటపడుతుంది. పక్కనున్న భార్య అనుమానంగా చూస్తుంది! పాపం, ఆయన చెప్పేది నిజమే కావచ్చు. కాలేయంలో కొవ్వు 5 శాతం దాటితే ఫ్యాటీ లివరే. దానికి మద్యమే అక్కర్లేదు. బొజ్జ, షుగరు, ట్రైగ్లిజరైడ్లు చాలు. హైదరాబాద్‌లో 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మందిలో ఇది కనిపించిందని 2025లో ఒక అధ్యయనం వెల్లడించింది.

చాలామంది తర్వాత చేసే పొరపాటు ఒకటుంది. రక్తపరీక్షలో ఎస్‌జీపీటీ నార్మల్ అని రాగానే రిపోర్టు మడిచి బీరువాలో పెట్టేస్తారు. కానీ కాలేయం గట్టిపడుతున్నా ఎస్‌జీపీటీ పెరగకపోవచ్చు. అందుకే వైద్యులు ‘ఫిబ్-4’ అనే లెక్క వేస్తారు. ఉయ్యూరు దగ్గర ఒక రైతు ఉన్నాడనుకుందాం. వయసు 52. ఎస్‌జీవోటీ 40, ఎస్‌జీపీటీ 36, ప్లేట్‌లెట్లు లక్షా అరవై వేలు. విడివిడిగా చూస్తే ఏదీ భయపెట్టే అంకె కాదు. వయసును ఎస్‌జీవోటీతో గుణిస్తే 2080. ప్లేట్‌లెట్లను వేలల్లో (160) తీసుకుని, ఎస్‌జీపీటీ వర్గమూలంతో (6) గుణిస్తే 960. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 2.17. ఇది 1.3 దాటితే (65 ఏళ్లు పైబడితే 2) ఫైబ్రోస్కాన్ లాంటి పరీక్షతో తేల్చుకోవాలి. మరీ చిన్న వయసువారికి ఈ లెక్క సరిగా పనిచేయదు.

ఇక పేగుల సంగతి. కాలేయానికి వచ్చే రక్తంలో దాదాపు ముప్పావు వంతు పేగుల మీదుగానే వస్తుంది. మన డెల్టా వాళ్లకు వేరే చెప్పాలా? కాలువలో ఏం కలిస్తే చేలోకి అదే పారుతుంది. పేగు గోడ బలహీనపడితే బ్యాక్టీరియా విషాలు నేరుగా కాలేయానికి చేరి వాపు తెస్తాయి. చైనాలో ఒకాయన మద్యం తాగకుండానే, పిండిపదార్థాలు తింటే చాలు, మత్తులో పడేవాడు. ఆయన పేగుల్లోని క్లెబ్సియెల్లా బ్యాక్టీరియాయే ఆల్కహాల్ తయారుచేస్తోందని తేలింది! అక్కడే పరీక్షించిన ఫ్యాటీ లివర్ రోగుల్లో దాదాపు 60 శాతం మందిలో ఇలాంటి బ్యాక్టీరియా ఉన్నట్టు 2019లో ప్రకటించారు. (తాగొచ్చినవాళ్లు దీన్ని సాకుగా చూపిస్తే మాత్రం కుదరదు.)

అలాగని మలపరీక్షలకూ, ప్రోబయోటిక్ గోళీలకూ వేలు తగలేయకండి. వాటితో ఈ జబ్బుకు వైద్యం చేసే దశ ఇంకా రాలేదు. మేలు చేసే బ్యాక్టీరియాకు కావలసింది పీచు. పళ్లెంలో గుట్టగా పోసుకునే తెల్లన్నం సగానికి తగ్గించి, ఆ జాగాలో ఆకుకూర పప్పు, చిక్కుడుకాయ కూర పెంచండి. కూల్‌డ్రింకులు మానేయండి. 80 కిలోలున్నవారు 4 కిలోలు తగ్గితే కాలేయంలో కొవ్వు కరగడం మొదలవుతుంది. వాపు కూడా తగ్గాలంటే ఆరు నుంచి ఎనిమిది కిలోలు తగ్గాలి. అదీ నెమ్మదిగా, నెలల మీద.

కాఫీ ప్రియులకు ఒక ఊరట. రోజూ రెండు మూడు కప్పులు తాగేవారిలో కాలేయం గట్టిపడటం తక్కువని పరిశీలనల్లో తేలింది. పంచదార లేకుండా తాగగలిగితేనే సుమా!

ముందు ఆ బీరువాలోని రిపోర్టు తీసి, ప్లేట్‌లెట్ల అంకె ఎంతుందో చూడండి.