పదచ్ఛేదము తప్పినచో

మొన్న మా పినత్తగారు మా యింటికి వచ్చియుండిరి. ఆమెకు ఱొమ్మున క్యాన్సరు గలదని వైద్యులు నిశ్చయించి నెల దినములైనది. రాత్రి భోజనములైన పిదప నా చేయి పట్టుకొని “అమ్మాయీ, నే నేమి పాపము చేసితిని? ఎవరి యుసురు నాకు తగిలినది?” అని యడిగిరి. ఈ ప్రశ్న మనలో ననేకులు లోలోపల నడుగుకొనునదే గావున, ఆమెకు జెప్పిన సమాధానమునే యీ మాసము మీకును విన్నవించుచున్నాను.

మన దేహమందలి కణములలో డి.ఎన్.ఏ. యను మూలగ్రంథము గలదు. పని పడినప్పుడెల్ల నందలి యొక ప్రకరణమునకు ఆర్.ఎన్.ఏ. యను ప్రతి తయారగును. ఆ ప్రతినిబట్టి మాంసకృత్తు నిర్మింపబడును. అయితే ప్రతిలో అక్కఱకు వచ్చు భాగముల నడుమ అక్కఱలేని భాగములును జొరబడియుండును. వానిని కత్తిరించి తీసివైచి, తక్కినవానిని వరుసగా నతికినగాని యర్థము కుదురదు. ఈ పనికి స్ప్లైసింగ్ అని పేరు. దీనిని 1977లో అమెరికాయందు ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ అనువారల బృందములు వేర్వేఱుగ కనుగొనినవి. అందులకై వారిద్దఱికి 1993లో నోబెలు బహుమాన మొసగబడెను.

పద్యములు చదువుకొన్న మనకు దీని నెఱుగుట కష్టము గాదు. పింగళి సూరన రాఘవపాండవీయమున ఒకే పద్యము నుండి రామకథయు భారతకథయు వెలువడును. అందు పదములను విఱుచు తీరే ముఖ్యము. అట్లే కణమును ఒకే ప్రతిని వేర్వేఱు విధముల కత్తిరించి వేర్వేఱు మాంసకృత్తులను బడయును. విఱుపు తప్పినచో? శుభకార్యమున గుమ్మమునకు గట్టు మావిడాకులను ‘మా విడాకులు’ అని చదివినట్లగును. అక్షర మొక్కటియు మాఱలేదు, మంగళము అమంగళమైనది.

క్యాన్సరునం దిట్టి పొరపాటు జరుగునని చూపినవారిలో ఏడ్రియన్ క్రైనర్ గారు ముఖ్యులు. ఉరుగ్వే దేశమున జనించిన వీరు న్యూయార్కు రాష్ట్రమందలి కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ పరిశోధనాలయమున పనిచేయుచున్నారు. ఎచ్చట కత్తిరింపవలయునో నిర్ణయించుటకు దోడ్పడు ఎస్.ఆర్.ఎస్.ఎఫ్.1 అను మాంసకృత్తును వీరు చిరకాలము పరిశోధించిరి. అది మితముగ నున్నంతవఱకు మేలే. కాని పెక్కు కంతులయం దది యధికముగ నున్నదనియు, ప్రయోగశాలలో పెంచిన యెలుకజాతి కణములయందు దానిని గొంచెము హెచ్చించినను అవి కంతులను బుట్టించుననియు 2007లో వీరి బృందము ప్రకటించెను. కంతులు పెరుగకుండ కావలి కాయు బిన్1 అను మాంసకృత్తు ప్రతి అప్పుడు వేఱు రీతిగ కత్తిరింపబడి, ఆ కావలిశక్తి నశించుచుండెను. మూలమున బిన్1 చెడలేదు, విఱుపు చెడినది. మఱికొన్ని రక్తవ్యాధులయందు కత్తిరించు యంత్రమున కవయవమైన ఎస్.ఎఫ్.3బి.1 యొక్క జన్యువే మాఱియుండుట 2011లో బయల్పడెను.

తప్పిన విఱుపును సరిదిద్ద వచ్చునా? వచ్చునని వేఱొక వ్యాధి విషయమున ఋజువైనది. పసిబిడ్డల కండరములను క్షీణింపజేయు ఎస్.ఎం.ఏ. యను వ్యాధికి, ప్రతిలో విడిచిపెట్టబడు భాగమును మరల జేర్పించు నుసినర్సెన్ అను మందును క్రైనర్ గారును అయోనిస్ సంస్థవారును గూడి రూపొందించిరి. 2016 డిసెంబరులో అమెరికా ప్రభుత్వము దాని కనుమతి నొసగెను. క్యాన్సరునకును ఇట్టి చికిత్సకై పరిశోధనలు జరుగుచున్నవి. అట్లని నేడు వైద్యులు చేయు చికిత్సను మాని దీనికై వేచియుండుట తగదు.

ఇంత విని పినత్తగారు కొంతసే పూరకుండి “అయితే ఇది నా పాపము గాదా?” అనిరి. కాదంటిని. పొగాకు వంటివి క్యాన్సరును దెచ్చుమాట నిజమే, వానిని మానవలయును. కాని కణములో విఱుపు తప్పుట ఎవరి యుసురునకును, ఏ వ్రతలోపమునకును ఫలము గాదు. ఆమె ఆ గడ్డను ఆఱు నెలలు సిగ్గుచే దాచిరి. ఆ సంగతియే నాకు బాధ. సోదరీమణులారా! దేహమున గడ్డ తోచినచో పాపపుణ్యముల లెక్కలు చూచుకొనుచు కూర్చుండక వెంటనే వైద్యునకు జూపుడు.

మఱునాటి యుదయమున ఆసుపత్రికి బండి పిలిపింపుమని పినత్తగారు తామే యడిగిరి.