అవసరం ఎరిగిన ఫోను

వస్తువు విలువను దాని హంగులతో కొలవడం నేడు మనకు అలవాటైపోయింది. ఫిన్లాండ్‌కు చెందిన నోకియా సంస్థ 2003లో ప్రకటించిన 1100 అనే ఫోను ఈ కొలతకు లొంగదు. అందులో కెమెరా లేదు, రంగుల తెర లేదు, ఇంటర్నెట్ లేదు. ఇవన్నీ ఉన్న ఫోన్లు అప్పటికే బజారులో ఉన్నాయి. అయినప్పటికీ, ప్రపంచవ్యాప్తంగా అది 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది.

ఇంతటి ఆదరణకు కారణం దాని నిర్మాణంలోనే ఉంది. మన వంటి దేశాల్లోని సామాన్యుల జీవితాన్ని గమనించి దానిని రూపొందించారు. పొలాల్లో, రోడ్లపై దుమ్ము ఉంటుంది గనుక, అది లోపలికి చొరబడకుండా మీటలన్నిటినీ ఒకే రబ్బరు పొరగా అమర్చారు. చెమట పట్టిన చేతిలోంచి జారిపోకుండా పక్కలను గరుకుగా మలిచారు. కరెంటు పోయే ఊళ్ల కోసం తలభాగంలో చిన్న టార్చిలైటు పెట్టారు. 'సి' మీటను నొక్కి పట్టుకుంటే చాలు, అది వెలిగేది. ఒకసారి ఛార్జింగ్ చేస్తే రోజుల తరబడి పనిచేసేది. బరువు 86 గ్రాములు మాత్రమే.

మన దేశంలో వచ్చే కాల్స్‌కు రుసుము తొలగిపోయింది కూడా 2003లోనే. దానితో ఆటో నడిపేవారికీ, తాపీ మేస్త్రీకీ ఫోను అందుబాటులోకి వచ్చింది. డబ్బు ఖర్చు కాకుండా ఒక్క మిస్డ్ కాల్‌తో "క్షేమంగా చేరాను" అని ఇంటికి తెలియజేసే పద్ధతిని జనం తామే కనిపెట్టుకున్నారు. సహరీ వేళకు మేల్కొల్పడానికి అందులోని అలారం సరిపోయేది.

అది లోపం లేని వస్తువని కాదు. పాము ఆటలో మునిగి పాఠం మరచిన పిల్లలు అప్పుడూ ఉన్నారు. అయితే ఆ ఆటకు ఒక ముగింపు ఉండేది. నేటి తెరపై ఒక దృశ్యం ముగియకముందే మరొకటి సిద్ధంగా ఉంటుంది.

ఇక మన ఇళ్ల సంగతి ఆలోచిద్దాం. దూరదేశంలో సంపాదిస్తున్న కుమారుడు అమ్మీజాన్‌కు ఖరీదైన ఫోను పంపుతాడు. ఆమె చూపు మందగించింది, వేళ్లు వణుకుతున్నాయి. నున్నని అద్దంపై ఎక్కడ తాకాలో తెలియక, కొడుకు ఫోను మోగుతున్నా ఎత్తలేక, మనవడు బడి నుంచి వచ్చే వరకు ఎదురు చూస్తుంది. కానుకలో ప్రేమ ఉంది. లేనిది ఆమె అవసరాన్ని గురించిన ఎరుక.

ఎన్నడూ చూడని రైతు చేతి చెమటను ఒక వ్యాపార సంస్థ లెక్కలోకి తీసుకుంది. కన్నతల్లి వేళ్ల వణుకును మనం లెక్కలోకి తీసుకోలేమా? పెద్దవారికి ఏదైనా కొనే ముందు ఒక్కరోజు వారి పక్కన కూర్చోండి. వారు ఏది చదవగలరో, ఏది నొక్కగలరో, ఎవరితో మాట్లాడాలనుకుంటారో గమనించండి. ఆ తర్వాతే దుకాణానికి వెళ్లండి.