కఫన్ కప్పిన కార్లు



మన ఖానదానుల్లో వెతికితే ఎక్కడో ఒకచోట పాత కారు దొరుకుతుంది. దాదాదో, అబ్బాదో, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన మామూ మోజుపడి కొన్నదో. ఒక పద్మినీ, ఒక అంబాసిడర్, మహా అయితే ఒక కాంటెస్సా. ఆ ఇంటికెళ్తే చాయ్ వచ్చేలోపే దాని జిక్ర్ వస్తుంది. "మా అబ్బా జమానాది భాయ్, ఇప్పటికీ అదే పెయింట్" అంటారు. చూపించమంటే వాకిట్లో ఓ మూలకు తీసుకెళ్తారు. వెండి రంగు కవర్, నాలుగు వైపులా తాళ్లు, గాలికి లేవకుండా ఇటుకలు. కఫన్ కప్పి పెట్టిన మయ్యత్‌లా ఉంటుంది.

తీసి ఎన్నాళ్లయిందని అడిగితే జవాబు ఏళ్లలో వస్తుంది. ఎందుకు తీయరంటే మాత్రం కారణాలకు కొదవ లేదు. గీత పడుతుంది. పార్ట్ దొరకదు. ఎండకి నడిరోడ్డు మీద ఆగిపోతుంది. కొత్త పెట్రోల్ పడదట. ఆర్టీవో వాళ్లు ఎత్తుకెళ్తారట. నజర్ తగులుతుంది. వీటిలో కొన్ని నిజమైన ఫిక్ర్లు, కొన్ని ఉత్త వహం. రెండూ కలిసిపోవడం వల్ల కారు కవర్ కిందే ఉండిపోతోంది. షౌక్ కొద్దీ ఉంచుకున్న బండికి మనం చౌకీదార్లమైపోయాం.

చౌమహల్లా ప్యాలెస్ చూసిన వాళ్లకు అక్కడి పసుపు రంగు రోల్స్ రాయిస్ గుర్తుండే ఉంటుంది. 1912 నాటి సిల్వర్ ఘోస్ట్. వెనక తఖ్త్ లాంటి సీటు. ఆర్డర్ ఇచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా అనీ, బండి వచ్చేసరికి ఆయన లేరనీ అంటారు. ఆయన ఇంతెకాల్ 1911లో. వందేళ్లు దాటినా ఆ బండి తిరిగింది కొన్ని వందల మైళ్లేనని చెబుతారు. చాలా ఖూబ్‌సూరత్ బండి, కాదనను. కానీ దాని ముందు నిలబడితే నాకు ఎప్పుడూ జాలే వేస్తుంది.

ఇంకో బండి గురించి చెబుతాను. అమెరికాలో న్యూయార్క్ పక్కన లాంగ్ ఐలాండ్‌లో ఇర్వ్ గోర్డన్ అనే సైన్స్ మాస్టారు ఉండేవారు. 1966లో ఎర్ర రంగు వోల్వో కొన్నారు. స్కూలుకు దాన్లోనే, చుట్టాలింటికి దాన్లోనే, సెలవులకు ఊరి మీద పడ్డా దాన్లోనే. 2013కల్లా అది 30 లక్షల మైళ్లు దాటింది. అంటే 48 లక్షల కిలోమీటర్ల పైమాటే. గిన్నిస్ పుస్తకంలోకి ఎక్కింది. 2018లో ఆయన పోయేనాటికి కూడా ఆ బండి నడుస్తూనే ఉంది. ఆయన చేసిన జాదూ ఏమీ లేదు. నూనె వేళకు మార్చేవారు, శబ్దం తేడా వస్తే అదే రోజు చూసుకునేవారు, మిగతా టైమంతా నడిపేవారు. నిజాం గారికి ఉన్న దౌలత్ ఆ మాస్టారికి లేదు. మరి కారు మజా ఎవరికి దక్కిందో మీరే చెప్పండి.

నా దగ్గరున్నది 1982 పద్మినీ. అబ్బా కర్నూల్లో ఉర్దూ టీచరుగా ఉన్నప్పుడు 1991లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. ఫియట్ 1100 డిజైనే, బొంబాయి కుర్లాలో ప్రీమియర్ కంపెనీ వాళ్లు తయారు చేసింది. 1089 సీసీ ఇంజన్, స్టీరింగు పక్కన గేరు, ముందు సోఫాలాంటి ఒకటే సీటు. అబ్బా పోయాక నా వాటాకు వచ్చిన విరాసత్ ఇదొక్కటే. 2023 అక్టోబర్‌లో ముంబయిలో చివరి పద్మినీ ట్యాక్సీ గడువు తీరి ఆగిపోయినప్పుడు రిష్తేదార్లు ఫోన్లు చేశారు. "ఇక నీది కూడా ఆపేయ్, విలువ పెరుగుతుంది" అని. నేను ఆపలేదు. ఆదివారం ఫజర్ తర్వాత రోడ్లు ఖాళీగా ఉన్నప్పుడు తీస్తాను. ఏడాదికి రెండు మూడుసార్లు కర్నూలు వెళ్తాను.

ఇది బహాదురీ కోసం చెప్పడం లేదు, హిఫాజత్ కోసం చెబుతున్నాను. నడిచే బండి కన్నా నిలబడ్డ బండే ముందు పాడవుతుంది. కొన్ని వారాలు కదపకపోతే బ్యాటరీ దిగుతుంది. నెలలైతే టైర్లు ఆనిన చోట చదునవుతాయి. బ్రేకు నూనె గాలిలోని తేమ పీలుస్తుంది, వీల్ సిలిండర్ లోపల తుప్పు పట్టి పట్టేస్తుంది. ట్యాంకులో పెట్రోల్ జిగురుగా మారి కార్బురేటర్ సన్న రంధ్రాలను మూసేస్తుంది. పైన వేసిన కవర్ మంచి చేస్తుందనుకుంటాం. వానాకాలంలో గాలాడని కవర్ కింద తేమ చేరి ఫ్లోరు తినేస్తుంది. పైకి పెయింట్ తళతళ, కింద వేలు పెడితే రేకు బిస్కెట్‌లా విరుగుతుంది.

సరే, ఎండ సంగతి. ఏప్రిల్, మే నెలల్లో పాత కార్లు ఆగుతాయి, నిజమే. ఇంజన్ వేడికి పైపులోనే పెట్రోల్ ఆవిరైపోతుంది, ఆవిరిని పంపు లాగలేదు. ఇది రోగం కాదు, దాని మిజాజ్. అబ్బా డ్రైవింగు నేర్పించినప్పుడు మొదట చెప్పింది క్లచ్ గురించి కాదు, తడిగుడ్డ గురించి. బండి పక్కకు తీసి, బానెట్ ఎత్తి, పెట్రోల్ పంపు మీద తడిగుడ్డ వేసి, చెట్టు కింద పదిహేను ఇరవై నిమిషాలు కూర్చోవాలి. అంతే, మళ్లీ స్టార్ట్ అవుతుంది. ఆ కాసేపట్లో ఎవరో ఒకరు ఆగి "క్యా భాయ్, అబ్ భీ చల్రీ క్యా యే?" అని అడుగుతారు. చాయ్ కూడా తెప్పిస్తారు. ఏసీ కారు ఆగితే ఎవరూ పలకరించరు, వెనక నుంచి హారన్ కొడతారు.

డిక్కీలో ఒక పాత రేకు బిస్కెట్ డబ్బా ఉంటుంది. ఫ్యాన్ బెల్టు, పాయింట్లు, కండెన్సర్, రెండు ప్లగ్గులు, కాస్త వైరు. పక్కన నీళ్ల క్యాను. ఒంటెను కట్టేయడమంటే నా లెక్కలో ఇదే. కట్టేశాక తవక్కుల్. కట్టేసిన తర్వాత కూడా రాత్రంతా లేచి లేచి తాడు చూసుకునే వాడికి సఫర్ ఎప్పుడు మొదలవుతుంది?

పెట్రోల్ ఫిక్ర్ మాత్రం ఉత్త వహం కాదు. ఇప్పుడు బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపింది. మన కార్లు పుట్టినప్పుడు దాని ఊసే లేదు. పాత రబ్బరు పైపులను, వాషర్లను అది మెత్తబరుస్తుంది, నీటిని పీలుస్తుంది. పైపు చిట్లి వేడి ఇంజన్ మీద పెట్రోల్ కారితే ప్రమాదం. అందుకని ఇథనాల్‌ను తట్టుకునే పైపులు వేయించాలి, పంపు డయాఫ్రమ్, కార్బురేటర్ వాషర్లు మార్పించాలి. ఫుల్ ట్యాంకు కొట్టించి నెలల తరబడి వదలకూడదు, కొంచెం కొట్టించుకుని తిప్పేయాలి. పైపులకు పెద్ద ఖర్చేమీ కాదు. ఇంటిల్లిపాదీ ఒకసారి బయట బిర్యానీ తిన్నంత. ఇది చేయించుకోకుండా "ఈ పెట్రోల్ మన బండికి జహర్" అని వాట్సాప్‌లో పంచుకుంటూ కూర్చునే వాళ్ల మీద నాకు ఘుస్సా వస్తుంది.

వాట్సాప్ అంటే గుర్తొచ్చింది. పదిహేనేళ్లు దాటిన కార్లన్నీ పట్టుకుపోతున్నారన్న మెసేజ్ మన మొహల్లాల్లో ఇప్పటికీ తిరుగుతోంది. ఆ గొడవ ఢిల్లీ, దాని చుట్టుపక్కల రాజధాని ప్రాంతానిది. మన దగ్గర పదిహేనేళ్ల తర్వాత ఫిట్‌నెస్ చూపించి, ఐదేళ్లకోసారి ఆర్సీ రెన్యువల్ చేయించుకోవాలి. ఫీజు పెరిగింది, నొప్పే. అయినా కాగితం చేతిలో ఉంటే భయపడాల్సిన పని లేదు. ఇక 50 ఏళ్లు నిండిన బండికి 2021లో వేరే కాయిదా వచ్చింది. నంబర్ ప్లేటులో వీఏ అనే అక్షరాలు వస్తాయి. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20 వేలు, పదేళ్ల దాకా చెల్లుతుంది. కానీ షరతు చూడండి, అలా రాయించుకున్న బండిని రోజువారీగా నడపకూడదు. ర్యాలీకి, ప్రదర్శనకు, మరమ్మతుకు, పెట్రోల్ కోసం, అంతే. నా పద్మినీకి 2032లో 50 నిండుతాయి. ఆ ఇజ్జత్ నాకొద్దు. మామూలు ప్లేటుతోనే కర్నూలు పోతాను.

ఇన్సూరెన్స్ ఒక్క మాటలో: థర్డ్ పార్టీ ఎలాగూ తప్పనిసరి. ఆపైన కావాలంటే, ఐదేళ్లు దాటిన బండి విలువ కంపెనీ వాళ్లూ మనమూ మాట్లాడుకుని ఖరారు చేసుకునేదే. ఫొటోలు, బిల్లులు దగ్గర పెట్టుకుని మాట్లాడండి.

అన్నిటికన్నా ఎక్కువమందిని ఆపేది గీత. మా భాంజే షాదీలో దుల్హా బండిగా పద్మినీయే కావాలన్నాడు. మా బేగం నా మొహం చూసింది, ఏమంటానోనని. ఇచ్చాను. పూల దండలు కట్టే కుర్రాడు బానెట్ మీద ఇనప తీగ లాగాడు, జానెడు గీత పడింది. వాడి మొహం తెల్లబోయింది. "పర్వాలేదు బేటా, పూలు కట్టు" అన్నాను. గీత రేకు దాకా దిగితే ఆ వారంలోనే కాస్త ప్రైమర్, రంగు పూయించాలి, లేకపోతే తుప్పు పాకుతుంది. పైపైన పడిందైతే వదిలేయాలి. మాది పైపైనదే. దానికోసం బానెట్ మొత్తం పెయింట్ కొట్టించమని ముగ్గురు సలహా ఇచ్చారు. అబ్బా నాటి రంగు ఒకసారి గీకేస్తే మళ్లీ రాదు. ఆ జానెడు గీత కన్నా కొత్త పెయింటే నాకు పెద్ద నుక్సాన్‌గా కనిపించింది.

ఇది ఇస్రాఫ్ కాదా అని అడిగేవాళ్లున్నారు. ఇంట్లో మామూలు కారు ఉండగా దీనికెందుకు డబ్బు తగలేయడం అని. మంచి సవాలే. నేను ముఫ్తీని కాను, జర్నలిస్టుని, నాకు తోచింది చెబుతాను. పిల్లల ఫీజు ఆపి క్రోమ్ బంపర్ కొనే వాడిది ఇస్రాఫే, అలాంటి వాళ్లు ఆ బండి వెంటనే అమ్మేయడం మంచిది. నాకు ఏడాది మొత్తం మీద దీనికయ్యేది నా దోస్తుల్లో కొందరు సిగరెట్లకు పెట్టేదానికన్నా తక్కువ. అయినా ఎవరికీ పనికిరాకుండా మూలన కుళ్లబెట్టడం పొదుపు ఎలా అవుతుందో నాకు అర్థం కాదు. నడపలేం అనుకుంటే నడిపేవాడికి ఇచ్చేయండి. అందులో సిగ్గేం లేదు.

పార్టుల సంగతి నేను పెద్దగా పట్టించుకోను. రాణీగంజ్‌లో, పుత్లీబౌలిలో తిరిగితే సగం దొరుకుతాయి, మిగతావి కుర్లా నుంచి తెప్పించుకోవచ్చు. నా అసలు ఫిక్ర్ చేతుల గురించి. మా ఉస్తాద్‌కు డెబ్బై దాటాయి. బానెట్ ఎత్తకుండా శబ్దం విని "రెండో ప్లగ్గు మియా" అంటారు. కార్బురేటర్ విప్పి, జెట్లు నోటితో ఊది, వెలుతురుకు పెట్టి చూసి బిగిస్తారు. కంప్యూటర్ పెట్టడానికి ఈ బండిలో చోటే లేదు కదా. ఆయన కొడుకులిద్దరూ క్యాబులు నడుపుతున్నారు. షాగిర్ద్ ఎవరూ లేరు. నెలకు పది బళ్లు వచ్చిన షెడ్డుకు ఇప్పుడు రెండు వస్తున్నాయి. "బళ్లున్నాయి, అన్నీ పడుకున్నాయి" అంటారు ఆయన. మనమంతా కవర్లు కప్పి జాగ్రత్త పడుతున్న కొద్దీ ఆ షెడ్డు టిఫిన్ సెంటర్ అయ్యే రోజు దగ్గర పడుతోంది. అప్పుడు ఎంత మెరిసే బండి ఉన్నా ముట్టుకునేవాడు ఉండడు. అందుకే ఈ మధ్య మా అమ్మాయిని ఆయన దగ్గరికి తీసుకెళ్తున్నాను. ఇంటర్ చదువుతోంది. పాయింట్ల మధ్య ఫీలర్ పెట్టి సందు చూడటం వచ్చేసింది. "ఈ లడ్కీకి చెయ్యి ఉంది" అన్నారాయన.

అమ్మీ మాత్రం ముందు సీట్లోనే కూర్చుంటుంది, అబ్బా పక్కన కూర్చున్న చోటే. మోకాళ్ల నొప్పులు. ఎక్కడానికి రెండు నిమిషాలు పడుతుంది, దిగడానికి మూడు. ఇంకా ఎన్ని సఫర్లు రాసి ఉన్నాయో అల్లాహ్‌కే ఎరుక. బండి విలువ పెరిగేదాకా ఆగమనే వాళ్లకు ఈ లెక్క ఎలా చెప్పాలి?

మీ వాకిట్లో ఏళ్లుగా ఒకటి పడుకుని ఉంటే, ఈ ఆదివారం తీయాలనిపిస్తే, తొందరపడి కొత్త బ్యాటరీ పెట్టి సెల్ఫ్ కొట్టకండి. ముందు పాత పెట్రోల్ మొత్తం దించేయండి. ఇంజన్ నూనె మార్పించండి. ప్లగ్గులు విప్పి, లోపల నాలుగు చుక్కల నూనె వేసి, ఒక రాత్రి వదిలి, మర్నాడు ఇంజన్‌ను చేత్తో తిప్పించి చూడండి. కదిలితే సగం పని అయినట్టే. రోడ్డెక్కే ముందు నాలుగు చక్రాల బ్రేకులూ విప్పి చూపించాలి, స్టార్ట్ కావడం కన్నా ఆగడం ముఖ్యం. టైర్లు పైకి బాగున్నా వయసు చూడండి. ఎయిర్ ఫిల్టర్ డబ్బా మాత్రం పిల్లల ముందు తెరవకండి. లోపల ఎలుకల ఖానదాన్ ఒకటి కాపురం ఉంటుంది.