‘గ్లూటెన్ రహితం’: పొలంలో నిజం, పిండి మరలో సందేహం

చిరుధాన్యాల గుణగణాలను వివరించే కరపత్రాలపైనా, పిండి సంచులపైనా ‘గ్లూటెన్ రహితం’ అన్న మాట సర్వసాధారణమైంది. మధుమేహం ఉన్నవారికి, బరువు తగ్గదలచినవారికి అది ఒక అదనపు ఆకర్షణ. సీలియాక్ వ్యాధి ఉన్నవారికి మాత్రం అది మందు సీసాపై రాసిన మోతాదు వంటిది.

గోధుమ, బార్లీ, రై ధాన్యాల్లోని గ్లూటెన్ అనే మాంసకృత్తు ఈ వ్యాధిగ్రస్తుల రోగనిరోధక వ్యవస్థను వారి చిన్నపేగుపైకే మళ్ళిస్తుంది. పోషకాలను గ్రహించే చూషకాలు క్రమంగా అరిగి చదునవుతాయి. విరేచనాలు, కడుపు ఉబ్బరం అందరిలోనూ కనిపించవు. కొందరిలో ఇనుము మాత్రలకు లొంగని రక్తహీనత, పిల్లల్లో ఎదుగుదల లోపం, పెద్దల్లో ఎముకల బలహీనత మాత్రమే బయటపడతాయి. రక్తహీనత ఇంటింటా ఉన్న ప్రాంతంలో ఇటువంటి వ్యాధి గుర్తింపునకు రాకపోవడం వింత కాదు. అనుమానం రాగానే గోధుమ మానివేయడం మరొక పొరపాటు. ఆ తరువాత చేసే రక్తపరీక్ష, పేగు బయాప్సీ తప్పుదారి పట్టించవచ్చు. డచ్ పిల్లల వైద్యుడు విల్లెం డికె 1950లో గోధుమకు, ఈ వ్యాధికి గల సంబంధాన్ని తన సిద్ధాంత గ్రంథంలో నిరూపించారు. నేటికీ జీవితాంతం గ్లూటెన్‌ను విడిచిపెట్టడమే చికిత్స.

ఇది ఉత్తరాది వ్యాధి అన్న అభిప్రాయం బలంగా ఉంది. 2016లో వెలువడిన, 23 వేల మందికి పైగా పరీక్షించిన అధ్యయనంలో ఉత్తర భారతంలో నూటికి 1.23 మందిలో, దక్షిణాన నూటికి 0.10 మందిలో మాత్రమే వ్యాధిని సూచించే ప్రతిరక్షకాలు రక్తంలో కనిపించాయి. అయితే వ్యాధికి అవకాశమిచ్చే జన్యువులు రెండు చోట్లా సుమారు మూడోవంతు మందిలో ఉన్నాయి. ప్రధానంగా కనిపించిన తేడా తినే గోధుమలో ఉంది: ఉత్తరాన రోజుకు సగటున 455 గ్రాములు, దక్షిణాన 25 గ్రాములు. రాత్రి అన్నం మాని చపాతీకి మారుతున్న తెలుగు కుటుంబాలకు ఈ అంకెలు పరాయివి కావు.

వరి తినే నేలపై ఈ వ్యాధితో జీవించడం సులభమనిపిస్తుంది. అన్నం, ఇడ్లీ, జొన్నరొట్టె, రాగిసంకటి సహజంగానే నిరపాయకరం. చిక్కు చిన్న వస్తువుల్లో ఉంది. అంగట్లో దొరికే ఇంగువలో చాలావరకు గోధుమపిండి లేదా మైదా కలిపి ఉంటుంది; కనుక విందులోని పులిహోర, సాంబారు కూడా అనుమానించవలసినవే. రాగి బిస్కెట్లలో తరచుగా మైదా ఉంటుంది. సత్యనారాయణ వ్రతం ప్రసాదం గోధుమరవ్వతో చేసినదే. చేయి చాచి తీసుకోని పిల్లవాడిని పెద్దలు మందలిస్తారే గాని, కారణం అడిగేవారు అరుదు.

చిరుధాన్యాల విషయంలో తెలుగు ప్రాంతానికి ఒక అనుకూలత ఉంది. దానిని ఎవరూ లెక్కలోకి తీసుకున్నట్లు లేదు. ఇక్కడ గోధుమ సాగు అత్యల్పం. అందువల్ల కొర్ర, సామ, జొన్న పొలంలోనూ కళ్లంలోనూ గోధుమతో కలిసే ప్రమాదం తక్కువ. కల్తీ అంతా ఆ తరువాతిదే. ఒకే పిండి మరలో ముందు గోధుమ, వెనుక జొన్న పడతాయి. రాళ్ళ మధ్య మిగిలిన పిండి తరువాతి వారి సంచిలో చేరుతుంది. ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధన ప్రకారం గ్లూటెన్ రహిత ఆహారంలో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండరాదు. గోధుమపిండిలో గ్లూటెన్ సుమారు పదోవంతు అనుకుంటే, కిలో జొన్నపిండిలో చిటికెడు గోధుమపిండి కలిసినా ఆ హద్దు దాటవచ్చు.

ధాన్యం స్వభావాన్ని బట్టి పిండికి హామీ ఇవ్వడం శాస్త్రీయం కాదు. దిగుబడి, తెగుళ్ళపై చూపే శ్రద్ధలో కొంతైనా మరపై చూపవలసిన బాధ్యత విశ్వవిద్యాలయాలది. చిరుధాన్యాలకే పరిమితమైన మరను నడిపే రైతు ఉత్పత్తిదారుల సంఘాలకు శిక్షణనివ్వాలి; వాటి పిండి నమూనాలను కాలానుగుణంగా పరీక్షించి ఫలితాన్ని సంచిపై ముద్రింపజేయాలి. పరీక్షకు ఖర్చవుతుందన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆ ఖర్చు భరించలేని సంఘం తన సంచిపై ‘కొర్రపిండి’ అని మాత్రమే రాసుకోవచ్చు.