ఆ నాలుగు ఓవర్లు చూశారా?

2025 ఫిబ్రవరి 2, కౌలాలంపూర్. అండర్-19 మహిళల టీ20 ప్రపంచ కప్ ఫైనల్‌లో దక్షిణాఫ్రికా 82కే ఆలౌట్. మన భద్రాచలం అమ్మాయి గొంగడి త్రిష లెగ్ స్పిన్‌తో 4 ఓవర్లలో 15 పరుగులిచ్చి 3 వికెట్లు తీసింది. కాసేపటికే ఓపెనర్‌గా దిగి 33 బంతుల్లో 44 కొట్టి నాటౌట్‌గా నిలిచింది. 9 వికెట్ల తేడాతో కప్పు మనదే.

ఆ రోజు నా ఫోన్ నిండా ఆమె బ్యాటింగ్ క్లిప్పులే. నేను మాత్రం ఆ నాలుగు ఓవర్లే మళ్లీ మళ్లీ చూసిన.

ఎందుకంటే, ఓపెనర్ బతుకు ఒక్క బంతి మీద ఉంటది. మొదటి ఓవర్లోనే ఔటైతే ఆ మ్యాచ్‌లో ఇక చేసేది ఫీల్డింగే. బౌలింగ్ కూడా వచ్చినామెకు ఇంకో అవకాశం మిగులుతుంది. 2023లో ఇదే కప్పు ఫైనల్‌లో ఇంగ్లండ్ మీద త్రిష 24 పరుగులు చేసింది. మంచి ఇన్నింగ్సే, కానీ ఆమె పేరు ఎంతమందికి గుర్తుంది? రెండేళ్ల తర్వాత కథ వేరు. స్కాట్లాండ్ మీద 59 బంతుల్లో 110 నాటౌట్, ఆ టోర్నీ చరిత్రలోనే తొలి సెంచరీ. అంతటితో ఆగిందా? అదే మ్యాచ్‌లో 6 పరుగులిచ్చి 3 వికెట్లు! మొత్తం 309 పరుగులు, 7 వికెట్లు, ప్లేయర్ ఆఫ్ ది టోర్నమెంట్.

ఇక ఖర్చు సంగతి. బిడ్డ ఆట కోసం వాళ్ల నాన్న భద్రాచలంలో ఉద్యోగం, జిమ్ వదిలేసి ఇల్లు సికింద్రాబాద్‌కు మార్చిండు. అవార్డును ఆమె నాన్నకే అంకితమిచ్చింది. వినడానికి బాగుంటది. కానీ ఊరొదిలి పోగలిగే నాన్నలు ఎంతమంది?

మా నల్లగొండ నుంచి హైదరాబాద్ వంద కిలోమీటర్లు. పాలమూరు నుంచీ అటూ ఇటూ అంతే. దగ్గరే అనిపిస్తది. బడి అయినంక రోజూ బస్సెక్కి నెట్స్‌కు పోయి రమ్మంటే తెలుస్తది ఎంత దగ్గరో!

ఆదివారం పొద్దున ఇక్కడి ఎన్జీ కాలేజీ గ్రౌండ్‌కు పోతే, ఒకరి ఫీల్డర్ ఇంకొకరి పిచ్ మీద నిలబడేన్ని మ్యాచ్‌లు. దాదాపు అన్నీ పోరగాళ్లవే. అన్న వెంట వచ్చిన ఒక పాపను ఆ మధ్య చూసిన. బ్యాటింగ్ అడిగితే "ఆఖర్ల ఇస్తం తీ" అన్నరు. ఆ ఆఖరు రాలేదు. కానీ ఎండకు అలిసిపోయి బౌలింగ్‌కు ఎవరూ ముందుకు రాకపోతే బంతి ఆమె చేతికే ఇచ్చిన్రు. గల్లీ క్రికెట్‌లో ఆడపిల్లకు తెరుచుకునే తలుపు అదే. బ్యాట్ కోసం కొట్లాట ఉంటది, బౌలింగ్ వేస్తానంటే ఎవరూ వద్దనరు.

అయితే పైకి పోతే ఆ తలుపు దగ్గర కూడా తోపులాటే. ప్రపంచ కప్ గెలిపించిన ఆ 2025లో త్రిష డబ్ల్యూపీఎల్‌లో ఏ జట్టులోనూ లేదు. నవంబర్ వేలంలో యూపీ వారియర్జ్ 10 లక్షలకు తీసుకుంది. అదే జట్టు దీప్తి శర్మకు పెట్టింది 3.2 కోట్లు. న్యాయమే అంటాను. అదే నెల 2న వన్డే ప్రపంచ కప్ ఫైనల్‌లో దీప్తి 58 పరుగులు చేసి 5 వికెట్లు తీసింది మరి. టోర్నీ మొత్తంలో 215 పరుగులు, 22 వికెట్లు. త్రిష అందుకోవాల్సిన ఎత్తు అది. ఒకే జట్టులో ఉంటే ఆ ఎత్తు రోజూ కళ్ల ముందే కనబడుతుంది.

త్రిష గెలిచి వచ్చినంక పాలమూరు బిడ్డ, సీఎం రేవంత్‌రెడ్డి కోటి రూపాయల నజరానా ప్రకటించారు. ఆమె సంపాదించుకున్నదే, ఎవరికీ అభ్యంతరం లేదు. నేనడిగేది గెలవకముందు ఖర్చు గురించి. నల్లగొండలో, పాలమూరులో అమ్మాయిల కోసం రెండేసి నెట్లు, ఒక మ్యాట్ వికెట్, ఒక లేడీ కోచ్, చీకటి పడ్డాక గంట సేపు లైట్లు, ఇంటికి దింపే ఒక వ్యాన్. వ్యాన్ చివర రాసిన గానీ, చాలా ఇండ్లల్లో అమ్మలు మొదట అడిగేది దాని గురించే.