మన పిల్లల చదువుకు పొలిమేర గీసేదెవరు?

ఎండాకాలం దాటిందంటే పల్నాడు మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో ఒకటే వాదన. నరసరావుపేటలోనో మాచర్లలోనో డిగ్రీ ముగించిన పిల్లకో పిల్లాడికో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో సీటు వస్తది. వెంటనే నలుగురు చేరి, "అంత దూరం దేనికిరా? నాగార్జున యూనివర్సిటీ ఉంది గదా. ఇంట్లో ముద్ద తిని పొద్దున పోయి రాత్రికి రావచ్చు" అంటారు.

ఈ మాట ఎవరంటున్నారో ముందు చూడాలంటున్నాం మేము.

ఆసామి అంటాడు. ఆయన లెక్క మనకు తెలుసు. ఊళ్లో ఉన్న పిల్లాడు మిరపకోతకు అందుతాడు, పత్తితీతకు అందుతాడు. ఆయన కొడుకు అమెరికా పోతే దూరం కాదు, మన పిల్లాడు హైదరాబాద్ పోతే దూరమైంది! ఈ సలహాకు మేము జవాబు చెప్పం.

తల్లీ అంటది. ఆమెది భయం. ఆ భయానికి కారణముంది. మన గుంటూరు బిడ్డ రోహిత్ వేముల ఆ యూనివర్సిటీకే పోయాడు. హాస్టల్ నుంచి వెలేస్తే ఐదుగురు విద్యార్థులు ఆరుబయట 'వెలివాడ' వేసుకుని పడుకున్నారు. 2016 జనవరి 17న రోహిత్ చనిపోయాడు. ఏడు నెలల ఫెలోషిప్, లక్షా డెబ్బయ్యైదు వేలు, తనకు రావాలని చివరి ఉత్తరంలో రాసిపోయాడు. ఇది చూసిన తల్లిని పిరికిదనడానికి మాకు నోరు రాదు. అయితే అమ్మా, ఒక్కమాట. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది మనవాళ్లను వెంటాడి చంపారు. వాళ్లు ఏ దూరదేశమూ పోలేదు. సొంత ఊళ్లోనే ఉన్నారు. ఇంటిపట్టున ఉంటే క్షేమమన్నది మన చరిత్రలో ఎక్కడుంది?

ఇక రోజూ పోయిరావడం. నరసరావుపేట పిల్లాడికి ఎట్లాగో కుదురుద్ది. మాచర్ల నుంచి గుంటూరే వంద కిలోమీటర్ల పైచిలుకు. యూనివర్సిటీ గుంటూరు దాటి విజయవాడ దారిలో ఉంది. రానూపోనూ రెండొందలు దాటుద్ది. బస్సులో, రైల్లో పోయే ఆ గంటలు లైబ్రరీలో కూర్చోవాల్సిన గంటలు. ఆడపిల్లకైతే ఆఖరి బస్సు ఎప్పుడో అదే చదువుకు హద్దు. స్కాలర్‌షిప్పు సమయానికి రాక, హాస్టలు ఖర్చు భరించలేక మన పిల్లలు ఒంటితో కడుతున్న పన్ను ఇది. దీన్ని సుఖమని చెప్పొద్దు.

మన సంఘాల్లోనూ కొందరున్నారు. దూరాన పెద్ద పేరున్న యూనివర్సిటీ అయితేనే చదువు, నాగార్జునలో చదివితే చదువు కాదన్నట్టు మాట్లాడతారు. ఇదీ తప్పే. పేరుకు మొక్కడం మనకెందుకు? బాబాసాహెబ్ 1913లో బరోడా స్కాలర్‌షిప్పుతో కొలంబియా పోయాడు. ఆయనే 1950లో వెనకబడ్డ మరాఠ్వాడాలో, ఔరంగాబాదులో కాలేజీ పెట్టించాడు. దూరం పోయే హక్కు మనదే. దగ్గర్లో మంచి చదువు దొరికే హక్కూ మనదే. ఒకటి చూపించి రెండోది లాక్కుంటే ఊరుకోం.

పల్నాటి పెద్దలు చాపకూడు గురించి గొప్పగా చెబుతారు. బ్రహ్మనాయుడు మాల కన్నమదాసును సేనానిని చేశాడంటారు. మంచిది. అయ్యా, ఆ కన్నమదాసు వారసుల హాస్టళ్లలో కూడు ఎట్లుందో ఒక్కనాడన్నా పోయి చూశారా?

మేము చెప్పేది ఇదీ:

సీటు వచ్చిన బిడ్డను ముందు కూర్చోబెట్టి, తన మాట వినండి. పోతానంటే ఆపొద్దు. ఆడపిల్లనీ ఆపొద్దు.

పంపితే ఒంటరిగా పంపొద్దు. అక్కడి అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ వాళ్లకు ముందే కబురు చేయండి. నెలనెలా ఫోన్ చేసినప్పుడు మార్కులొక్కటే అడగొద్దు. డబ్బులు పడ్డాయా, ఎవరన్నా ఏమన్నా అన్నారా అని అడగండి.

ఇక్కడే చదువుతానన్న బిడ్డకు హాస్టలు సీటు, స్కాలర్‌షిప్పు ఇప్పించే పూచీ సంఘానిది.

ఎవరి ఫెలోషిప్ ఆగినా అది ఆ ఒక్కరి బాధ కాదు, మనందరి పని. 2022లో పల్నాడు జిల్లా అయింది. కలెక్టరాఫీసు నరసరావుపేటలోనే ఉంది. కాగితం పట్టుకుని ఒక్కడు పోతే గుమస్తా రేపు రమ్మంటాడు. పల్లె పల్లెంతా కదిలిపోదాం.

జై భీమ్!